బోర్డు మీద నా పేరు నేనే తుడిచాను

సహోదరులారా, సహోదరీలారా, ఈ ఉదయం నన్ను మంచం మీద నుంచి లేపి మీ ముందు నిలబెట్టిన ప్రభువుకు స్తోత్రం. నా గొంతు వణుకుతుంటే భయపడుతున్నాననుకోకండి, నాకు జ్వరం ఉంది, నిన్న సాయంత్రం వేయించుకున్న ఇంజక్షన్ వల్ల వచ్చిన జ్వరం. పాస్టరుగారు కుర్చీ వేయించి కూర్చుని చెప్పమన్నారు. నేను నిలబడే చెబుతానన్నాను, ఎందుకంటే మూడు నెలల క్రితం ఇదే చోట నిలబడి మీకొక మాట చెప్పాను, ఆ మాట సంగతి ఇవాళ తేల్చాలి.

నా పేరు ప్రకాశమని, మల్కాపురంలో పుట్టి పెరిగానని, పోర్టులో బొగ్గు దించే క్రేనుకు కింద నిలబడి సిగ్నల్ ఇస్తానని మీకందరికీ తెలుసు. నేను మొండివాణ్ణని కూడా తెలుసు. కిందటి సంవత్సరం మన యౌవనస్థులు మందిరం ముందు షామియానా వేసి రక్తదానం పెట్టారు కదా, అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది నేనే, ఫోటో కూడా దిగాను. వారం తిరక్కముందే బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. మీ రక్తం ఎవరికీ ఎక్కించలేం, ఒకసారి వచ్చి కలవండి అన్నారు. వెళితే హెపటైటిస్ బి అన్నారు. ఇంకా పరీక్షలు చేసి, ఇది నిన్న మొన్న వచ్చింది కాదు, ఏళ్ళ తరబడి మీ లివర్‌లో కాపురం ఉంది అన్నారు.

మా అమ్మ ఎలా పోయిందో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కళ్ళు పచ్చబడి, కాళ్ళు చేతులు పుల్లల్లా అయిపోయి, కడుపు మాత్రం నీరు పట్టి కుండలా ఉబ్బి పోయింది. అప్పట్లో మాకు తెలిసింది ఒక్కటే, కామెర్లు అంటే పసరు మింగించడం. మింగించాం. ఆ పసరు పట్టుకుని రావడానికి సైకిలు మీద వెళ్ళింది నేనే. ఇప్పుడు అదే జబ్బు నా ఒంట్లో ఉందని తెలిసిన రోజున నాకు చావుకంటే ముందు సిగ్గు వచ్చింది. నాకు మందు అలవాటు లేదు, చుట్ట బీడీ లేవు, పరాయి గడప తొక్కలేదు. అయినా లివర్ జబ్బు అనగానే లోకం ఏమనుకుంటుందో మీకు తెలుసు. నాతో పనిచేసే అప్పారావు అడగనే అడిగాడు.

“బావా, నువ్వు మందు ముట్టవు గదా, నీకు లివరెలాగ పాడైపోనాది? మాకు తెల్కుండా సాటుగా ఏత్తన్నావేటి?”

వాడు నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. నెల రోజులు వాడితో మాట్లాడలేదు.

నాకు వైద్యం చేసే డాక్టరమ్మగారు ఓపిక గల మనిషి. నేను పోర్టులో పని చేస్తానంటే నాకు అర్థమయ్యేలా పోర్టు మాటల్లోనే చెప్పారు. పుట్టేటప్పుడే మీ అమ్మగారి రక్తం నుంచి ఇది మీకు వచ్చి ఉండొచ్చు ప్రకాశంగారూ, మీ ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి గేటు దగ్గర కాపలావాడిలాంటిది, వాడు పసితనం నుంచీ రోజూ ఈ ముఖాన్నే చూస్తున్నాడు, అందుకని వీడు మనవాడే అనుకుని లోపలికి వదిలేస్తున్నాడు, అన్నారు. ఇప్పుడిప్పుడే ఆ కాపలావాడికి అనుమానం మొదలైంది, మీ లివర్ పరీక్షలో అది కనబడుతోంది, ఈ సమయంలో ఇంజక్షన్ ఇస్తే వాడు పూర్తిగా మేలుకుని పాసు అడిగే అవకాశం ఉంది, అన్నారు. అందరికీ పని చెయ్యదు, జ్వరాలు వస్తాయి, జుట్టు రాలుతుంది, మనసు కుంగుతుంది, వారానికొకటి చొప్పున నలభై ఎనిమిది వారాలు, మధ్యలో మానకూడదు. అదొద్దనుకుంటే రోజూ మాత్ర ఉంది, అది ఏళ్ళ తరబడి వేసుకోవాలి, దాన్ని కూడా డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు మానకూడదు. నేను ఇంజక్షనే కావాలన్నాను. కొట్లాట అంటే నాకు ఎప్పుడూ ఇష్టమే కదా.

నా భార్య కరుణకూ మా అమ్మాయికీ పరీక్షలు చేయించారు. దేవుని దయవల్ల ఇద్దరికీ లేదు. అమ్మాయికి పుట్టినప్పుడే టీకా పడింది, కరుణకు అప్పుడు వేశారు. ఆఖర్న డాక్టరమ్మగారు ఒక మాట అన్నారు, మీ అమ్మగారి తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళను కూడా పరీక్ష చేయించుకోమనండి అని. సరేనన్నాను. సహోదరులారా, ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. మా అమ్మకు ఒక్కతే చెల్లెలు, మన సంతోషమ్మ పిన్ని. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి పెంచిన మనిషి, మా ఇంటికి రెండు వీధుల అవతల ఇడ్లీలు అమ్ముకునే మనిషి, ప్రతి ఆదివారం ఇదిగో ఈ రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చునే మనిషి. పిన్నితో ఈ మాట ఎలా చెప్పను, చెబితే వీధంతా తెలుస్తుంది కదా అని నాన్చాను. నాన్చి నాన్చి మరిచిపోయినట్టు నటించాను. నాకు నటించడం రాదు గానీ, నన్ను నేనే నమ్మించుకున్నాను.

ఇంజక్షన్లు మొదలయ్యాయి. ఆదివారం డ్యూటీ ఉండదు కనుక శనివారం సాయంత్రం పెట్టుకున్నాం. కరుణ నర్సు దగ్గర నేర్చుకుని తనే వేసేది. ఫ్రిజ్ మధ్య అరలో ఆ పెట్టె ఉండేది, మా అమ్మాయి దాన్ని ముట్టుకోకుండా కరుణ దాని ముందు పచ్చడి సీసా అడ్డం పెట్టేది. సూది పడిన రెండు మూడు గంటలకు చలి పుట్టుకొచ్చేది, ఒంట్లో ప్రతి ఎముకా విడివిడిగా నొప్పి పెట్టేది, రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకునేవి. ఆ జ్వరంతోనే ఆదివారం మందిరానికి వచ్చేవాణ్ణి, సోమవారం క్రేను కింద నిలబడేవాణ్ణి. జుట్టు దువ్వెనకు వచ్చేసింది. దానికంటే ఘోరం నా కోపం. కూరలో ఉప్పు తక్కువైతే కంచం నెట్టేసేవాణ్ణి, ఆ తర్వాత గోడ వైపు తిరిగి ఏడ్చేవాణ్ణి. ఇది మందు వల్లే అని డాక్టరమ్మగారు చెప్పి, దానికి వేరే మాత్ర రాసిచ్చారు. ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఒక్కటే. “ప్రభువా, నా ఒంట్లో నువ్వు పెట్టిన కాపలావాళ్ళు నిద్రపోయారు. వాళ్ళను లేపు. వాళ్ళు లేచేదాకా నన్ను పడిపోనివ్వకు.” మీరు కూడా నాకోసం బుధవారం ఉపవాసముండి ప్రార్థించారు, అది నేను మరిచిపోలేదు, మరిచిపోను.

ఇరవయ్యో ఇంజక్షన్ అయ్యాక పరీక్ష చేశారు. వైరస్ లెక్క బాగా తగ్గింది. డాక్టరమ్మగారు కాగితం చూసి నవ్వి, దారిలో పడ్డాం, ఇంకా పోలేదు, కాపలావాడు ఇప్పుడే కర్ర అందుకున్నాడు, ఇరవై ఎనిమిది ఉన్నాయి, ఆపొద్దు అన్నారు. ఆ మాటలు నేను విన్నాను. స్పష్టంగా విన్నాను. ఆ తర్వాతి ఆదివారం నెల మొదటి ఆదివారం. మన మందిరంలో నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం అయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది, జవాబు పొందినవారి పేర్లు ఆ గోడ మీది నల్ల బోర్డు మీద రాస్తాం. నన్ను లేచి చెప్పమన్నారు. తగ్గుతోంది, ప్రార్థన చేస్తూ ఉండండి అని చెప్పి కూర్చోవాలి. లేచాను. మీ ముఖాలు చూశాను. ఏడాదిగా నన్ను చూసి జాలిపడిన ముఖాలు, నా వెనక గుసగుసలాడిన ముఖాలు కూడా. నోరు తెరిచాను, ప్రభువు నన్ను ముట్టాడు, నా రక్తంలో వైరస్ లేదు అని చెప్పాను.

మీరు లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు, అక్కలు పాట ఎత్తుకున్నారు, ఎవరో నా మెడ పట్టుకుని ఏడ్చారు. నా పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఎక్కింది. ఇంజక్షన్ మాట నేను ఎత్తనేలేదు. సహోదరులారా, అప్పుడు కరుణ ముఖం మీరెవరూ చూడలేదు, నేను చూశాను. తల దించుకుని కూర్చుంది, పాడలేదు.

శనివారం సాయంత్రం ఎప్పటిలాగే పెట్టె తీసుకొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“ఇంకెందుకే. స్వస్థత అయిపోయిందని అందరి ముందూ చెప్పాను కదా. ఇప్పుడు సూది వేయించుకుంటే నమ్మకం లేనట్టు కాదా?”

“నమ్మకమా?” అంది కరుణ. “కాయితంలో ఏటుందో నాను సదవలేదనుకున్నావేటి? దేవుడి ఎదట అబద్దం ఆడినప్పుడు నీకు బయం ఎయ్యలేదు. ఇప్పుడు జనానికి తెలిసిపోద్దని బయపడతన్నావు. ఇది నమ్మకం కాదు, సిగ్గు.”

నేను అరిచాను. తను పెట్టెను తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టింది. అంతే, మా మధ్య ఆ మాట మళ్ళీ రాలేదు. ఆ వారం మానేశాను, ఆ పై వారం మానేశాను. ఆసుపత్రి నుంచి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్నానన్నాను. జ్వరాలు పోయాయి, ఒళ్ళు తేలికైంది, తల మీద కొత్త వెంట్రుకలు కూడా వచ్చాయి, అదిగో స్వస్థత అనుకున్నాను. బోర్డు మీద పేరుంది కదా, నేనే దాన్ని చదువుకుని నమ్మాను. నా నోటి నుంచి వచ్చిన అబద్ధాన్ని దేవుని మాటగా మార్చుకున్నాను, ఇంతకంటే పెద్ద పాపం నేను నా జన్మలో చెయ్యలేదు.

రెండున్నర నెలలు గడిచాయి. పదిహేను రోజుల క్రితం మంగళవారం, డ్యూటీ దిగి వస్తుంటే పిన్ని ఇడ్లీ బండి మీద గోనె కప్పి ఉంది. పిన్ని ఒక్క పూట కూడా బండి మూసే మనిషి కాదు. ఇంట్లోకి వెళ్ళి చూస్తే చాప మీద పడుకుని ఉంది. లైటు వేశాను. కళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ పసుపు రంగు నేను ఇదివరకు ఒకసారి చూశాను, మా అమ్మ కళ్ళల్లో.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మగారు రిపోర్టులు చూసి, ఈవిడకు కూడా హెపటైటిస్ బి ఉంది, ఆరేళ్ళుగా వేరే డాక్టరు దగ్గర మాత్రలు వాడుతున్నారు, ఉన్నట్టుండి మానేశారు, మానేసరికి వైరస్ ఒక్కసారిగా లివర్ మీద పడింది అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. పిన్నికి ఈ జబ్బు ఉందా? ఆరేళ్ళుగా మాత్రలు వేసుకుంటోందా? నాకు చెప్పలేదా? వెంటనే తట్టింది, నేను మాత్రం చెప్పానా. నాకు నా సిగ్గు, తనకు తన సిగ్గు. రెండు వీధుల మధ్య ఒకే జబ్బును ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుని, ఆదివారం ఒకే కప్పు కింద పాటలు పాడుకున్నాం.

మాత్రలు ఎందుకు మానేశావు పిన్నీ అని అడిగాను. నా చెయ్యి పట్టుకుంది.

“నీ నోట ఇన్నాన్రా బాబూ,” అంది. “అదే రోగం నీకు పోనాదని సెప్పినావు గదా. నీకు సేసిన దేవుడు నాకు మాత్తరం సెయ్యడేటి అనుకున్నాను. ఆ ఆదివారమే మాత్తర్లు కాలవలో పారేసినాను. ఇంకా ఏసుకుంటే దేవుడికి కోపం వత్తాదని బయమేసినాది.”

నీళ్ళు తెస్తానని బయటికి వచ్చాను. ఆసుపత్రి వరండాలో చెప్పుల పక్కన, జనం నడిచే దారిలోనే మోకాళ్ళ మీద పడ్డాను. ఆ రోజు చేసిన ప్రార్థన మీకు చెప్పాలి. “ప్రభువా, నాకు స్వస్థత ఇవ్వమని ఇన్నాళ్ళు అడిగాను. ఇప్పుడు అడగను. నా నోటిని బాగు చెయ్యి. నేను నీ పేరు మీద చెప్పిన అబద్ధం ఆ మనిషి కడుపులో ఉంది, దాన్ని అక్కడి నుంచి తీసెయ్యి. నన్ను ఏం చేసినా సరే, పిన్నిని అమ్మలా పోనివ్వకు.” సహోదరులారా, నాకు దర్శనం రాలేదు, వెలుగు కనబడలేదు. కానీ లేచి నిలబడేసరికి జనం ఏమనుకుంటారో అన్న భయం నాలో లేదు. చిన్నప్పటి నుంచి నన్ను పట్టి పీడించిన భయం అది, ఆ వరండాలో నన్ను వదిలిపోయింది. నేను విడుదల పొందానని చెప్పుకోగలిగితే దీని నుంచే పొందాను. దేవునికే మహిమ.

లోపలికి వెళ్ళి పిన్నికి నిజం చెప్పాను. నాకు పోలేదు పిన్నీ, తగ్గుతుంటే పోయిందని చెప్పాను, ఇంజక్షన్ వల్ల తగ్గుతుంటే ఆ సంగతి దాచాను అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. “అన్నం తిన్నావా?” అని అడిగింది. అంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

మర్నాడు నా రక్తం కూడా పరీక్షకు ఇచ్చాను. తగ్గిన వైరస్ మళ్ళీ పైకి లేచింది. డాక్టరమ్మగారికి మొదటిసారి కోపం వచ్చింది. ఇరవై వారాల కష్టం గంగలో కలిపారు అన్నారు. తర్వాత అన్ని పరీక్షలూ మళ్ళీ చేసి, ఇంకా అవకాశం ఉంది గానీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, చేస్తారా అని అడిగారు. ఒకటి నుంచి అంటే మళ్ళీ నలభై ఎనిమిది శనివారాలు, మళ్ళీ ఆ చలి, ఆ ఎముకల నొప్పి, ఆ ఏడుపు. ఈసారైనా పని చేస్తుందా అంటే ఆవిడ నిజాయితీగా చెప్పలేనన్నారు. చేస్తానన్నాను. పక్కనున్న కరుణ, “సేత్తాడండి, నాను ఉన్నాను గదా,” అంది.

నిన్న మధ్యాహ్నం పాస్టరుగారి దగ్గరికి వచ్చి మొత్తం చెప్పాను. ఆయన, నీ రిపోర్టు చూపించమని నేను కూడా అడగలేదు ప్రకాశం, సంతోషంలో నేను కూడా తొందరపడ్డాను, ఈ తప్పులో నాకూ భాగం ఉంది అన్నారు. మందిరం తాళం తీసి, తడిగుడ్డ ఇచ్చి, నీ పేరు నువ్వే తుడువు అన్నారు. తుడిచాను. సున్నంతో కలిపి రాశారేమో, అంత తొందరగా పోలేదు, గట్టిగా రుద్దాల్సి వచ్చింది. ఇప్పుడు నా పేరు ప్రార్థన మనవుల పుస్తకంలో ఉంది, పిన్ని పేరు కింద. అక్కడి నుంచి ఇంటికి వెళ్ళాను, సాయంత్రం కరుణ ఒకటో సూది వేసింది.

కాబట్టి సహోదరులారా, ఇవాళ నా చేతిలో మంచి రిపోర్టు ఏదీ లేదు. ఏడాది తర్వాత వైరస్ అణగవచ్చు, అణగకపోవచ్చు. అణగకపోతే రోజూ మాత్ర వేసుకుంటాను, బతికినన్నాళ్ళు వేసుకుంటాను, వేసుకునే ముందు కృతజ్ఞతలు చెప్పి వేసుకుంటాను. మన ఒంట్లో రోగంతో పోరాడే శక్తిని పెట్టింది దేవుడు, నిద్రపోయిన ఆ శక్తిని లేపే మందు కనిపెట్టే తెలివి మనుషులకు ఇచ్చింది కూడా దేవుడే, వీటిలో ఒకదాన్ని తీసుకుని రెండోదాన్ని కాదనడానికి నేనెవణ్ణి? ఆయన్ని నమ్మండి. నమ్మి పరీక్ష చేయించుకోండి, నమ్మి టీకా వేయించుకోండి, నమ్మి మందు వేసుకోండి. డాక్టరు ఆపమనేదాకా ఆపకండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళతో కలిసి కూర్చుని అన్నం తింటే రాదు, చెయ్యి కలిపితే రాదు, కాబట్టి దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. ఈ మాటలు నాలాంటి మొండివాడు, ఇంత నష్టం చేసి నేర్చుకుని చెబుతున్న మాటలు.

పిన్ని ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. కళ్ళల్లో పసుపు కొంచెం తగ్గిందని నిన్న చెప్పారు, గండం గడిచిందని మాత్రం ఇంకా చెప్పలేదు, కాబట్టి నేను కూడా చెప్పను. పొద్దున వస్తూ వస్తూ ఆసుపత్రికి వెళ్ళి, మందిరంలో నీకోసం ఏమని ప్రార్థన చేయించమంటావు పిన్నీ అని అడిగాను.

“నాకోసం సేసేవోళ్ళు ఉన్నారులే,” అంది. “నీ సాచ్చికం ఇని నానొక్కద్దాన్నే మానేసినానేటి? ఇంకా ఉంటారు. సిగ్గుపడి సెప్పరు. నువ్వే అడుగు.”

అడుగుతున్నాను. షుగరు మాత్రలు కానివ్వండి, టీబీ మాత్రలు కానివ్వండి, మూర్ఛకు వేసుకునేవి కానివ్వండి, ఏ జబ్బో నాకు చెప్పనక్కర్లేదు. ఆశీర్వాదం అయ్యాక గేటు దగ్గర నిలబడి ఉంటాను, ఇవాళే మీతో ఆసుపత్రికి వస్తాను. నా మాట నమ్మి మందు మానేసినవాళ్ళు మీలో ఇంకెవరు?